"మన ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు" అనేసే ముందు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట అన్నాను, ఆస్తి కాగితాలు దాచుకున్నంత శ్రద్ధగా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చిందో కూడా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి అని. దానికి వచ్చిన ఉత్తరాల్లో బీపీ, షుగర్ గురించి రాసినవాళ్లు తక్కువ, ఎక్కువమంది క్యాన్సర్ గురించే రాశారు, అదీ "ఇంట్లో అడగలేక మిమ్మల్ని అడుగుతున్నాం" అంటూ. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారి సంవత్సరీకానికి అందరం కలిసినప్పుడు పెద్దమ్మ మాటల మధ్యలో బయటపెట్టింది. మా నాయనమ్మకి రొమ్ము తీసేశారట, మేనత్త 'కడుపులో గడ్డ'తో పోయిందట. మేనత్త కూతురికి ఇప్పుడు 39 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్‌కి హైదరాబాద్‌లో వైద్యం చేయించుకుంటోంది, అదీ మాకు ఆరోజే తెలిసింది. నాకు 34, ఇద్దరు ఆడపిల్లలు. గట్టిగా అడిగితే అమ్మ "చెల్లి సంబంధం కుదిరేదాకా నోరెత్తకు" అంది. అయినా ఇవి ఆడవాళ్ల జబ్బులు కదా, అమ్మ వైపు నుంచి కదా రావాలి, నాన్న వైపు వాళ్లకి వస్తే నాకేంటి? (తెనాలి)

జవాబు: ముందు చివరి ప్రశ్న తేలుద్దాం, ఎందుకంటే ఈ అపోహ వల్లే చాలా ఇళ్లలో సగం చరిత్ర లెక్కలోకి రాకుండా పోతోంది. నాన్న వైపు నుంచి కూడా అంతే వస్తుంది. రొమ్ము, అండాశయం క్యాన్సర్లకు ఎక్కువగా కారణమయ్యే వారసత్వ మార్పులు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో ఉంటాయి. అవి మగవాళ్లలోనూ ఉంటాయి, మగవాళ్ల నుంచీ పిల్లలకు దిగుతాయి. ఒకవేళ మీ నాయనమ్మ నుంచి మీ నాన్నగారికి ఆ మార్పు వచ్చి ఉంటే ఆయనకి ఏ క్యాన్సరూ రాకుండానే జీవితం గడిచిపోయి ఉండొచ్చు, కానీ మీకూ చెల్లికీ చెరి సగం సగం అవకాశం ఉంటుంది. ఆడపిల్లలు తక్కువ పుట్టిన, అన్నదమ్ములే ఎక్కువున్న ఇళ్లలో ఇలా ఒక తరం ఏమీ కనిపించకుండా దాటిపోవడం మామూలే.

ఇప్పుడే భయపడిపోకండి. మొత్తం క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చేవి 5 నుంచి 10 శాతం మాత్రమే. కానీ మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ఒకే వైపు, వరసగా మూడు తరాల్లో వచ్చింది, చిన్న వయసు కూడా ఉంది. దీన్ని డాక్టరు దగ్గర పెట్టాల్సిందే.

పెట్టేముందు వివరం కావాలి, చిక్కంతా అక్కడే. 'కడుపులో గడ్డ' అంటే అది అండాశయమా, గర్భసంచా, పెద్దపేగా, కాలేయమా? డాక్టరుకు ఈ నాలుగూ నాలుగు వేరు కథలు. పెద్దవాళ్లని "క్యాన్సరా?" అని అడిగితే "అబ్బే, గడ్డ" అంటారు, అక్కడితో సంభాషణ అయిపోతుంది. అలా కాకుండా చుట్టూ తిరిగి అడగండి. ఏ ఊరు తీసుకెళ్లారు? ఆ రోజుల్లో మన జిల్లాల నుంచి మద్రాసు అడయారుకో, వెల్లూరుకో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో వెళ్లారంటే ఊరికే వెళ్లి ఉండరు, అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచీ ఉంది. కరెంటు పెట్టారా (రేడియేషన్‌ని అలా అంటారు)? జుట్టు ఊడిందా? పొట్టలో నీరు చేరితే తీశారా? ఆపరేషన్‌లో గర్భసంచి తీశారా, పేగు కోశారా, పక్కకి సంచి పెట్టారా? ఇలా అడిగితే పెద్దమ్మ గారే మీకు కేసు షీటంతా చెప్పేస్తారు, క్యాన్సర్ అనే మాట ఒక్కసారి కూడా నోట్లోంచి రాకుండా.

వయసు కూడా ఇలాగే రాబట్టాలి. "ఎన్నేళ్లప్పుడు?" అంటే ఎవరికీ గుర్తుండదు. ఉప్పెన వచ్చిన ఏడాదా, రామారావు ముఖ్యమంత్రి అయ్యాకా, అప్పటికి మీ పెళ్లయిందా, పెద్దోడు ఏ క్లాసు అని అడగండి. మీ తెనాలి వైపు పెద్దవాళ్లకు ఉప్పెన అంటే 1977 నవంబరే, అక్కడి నుంచి లెక్కేసుకుంటే ఏడాదీ రెండేళ్ల తేడాతో వయసు దొరికిపోతుంది. 45 ఏళ్లకి ముందు వచ్చిందా, 75 ఏళ్లప్పుడు వచ్చిందా అన్నది డాక్టరుకి చాలా ముఖ్యం.

పరీక్ష విషయానికొస్తే, మీరు వెళ్లి మీ రక్తం ఇచ్చేయకండి. మొదట చేయించాల్సింది మీ మేనత్త కూతురికి, ఎందుకంటే జబ్బు వచ్చిన మనిషిలో మార్పు దొరికితేనే మిగతావాళ్లలో కచ్చితంగా దాన్నే వెతకొచ్చు. ఆమెలో దొరికి మీలో లేకపోతే ఆ వైపు నుంచి వచ్చిన ముప్పు మీకు లేనట్టే, మీ పిల్లలకీ మీ నుంచి దిగదు. ఆమెకు చేయకుండా నేరుగా మీకు చేసి 'ఏమీ లేదు' అని వస్తే దానికి అర్థం చెప్పడం కష్టం. 'మార్పు ఉంది కానీ దాని అర్థం ఇంకా తేలలేదు' అనే ఫలితం కూడా వస్తుంది, దాన్ని చూసి ఎవరూ ఆపరేషన్లకు పరిగెత్తకూడదు. అందుకే ముందు వంశపారంపర్య జబ్బుల గురించి సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్‌నో, ఆ విషయం తెలిసిన క్యాన్సర్ డాక్టరునో కలవండి. బహుశా ఆమెకి ఆ పరీక్ష ఇప్పటికే చేసి ఉంటారు, మీకు చెప్పి ఉండరు, అంతే.

ఇక మీ అమ్మగారు. ఆవిణ్ని విలన్‌ని చేయకండి. 'ఆ ఇంట్లో క్యాన్సర్ ఉందంట' అన్న ఒక్క మాటకి సంబంధాలు వెనక్కి పోవడం ఆవిడ కళ్లారా చూసే ఉంటారు, ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు. పైగా బీఆర్‌సీఏ1 ఏమిటో కనిపెట్టిందే 1994లో, రెండోది ఆ మరుసటి ఏడాది, కాబట్టి మీ నాయనమ్మ రోజుల్లో దాచినా దాచకపోయినా వైద్యులు చేయగలిగింది పెద్దగా లేదు. ఇప్పుడు ఉంది. ఆ తేడా ఆవిడకి చెప్పండి.

నాకు మీ ఉత్తరంలో గుచ్చుకున్నది వేరే. ఇంత రాశారు, చెల్లికి ఈ సంగతి తెలుసో లేదో ఎక్కడా రాయలేదు. పెళ్లి ఆమెది, ఒళ్లు ఆమెది. అబ్బాయి తరఫు వాళ్లకి ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది తర్వాత మాట, అది కూడా ఆమే తేల్చుకోవాలి. ఊరందరికీ చాటింపు వేయమని నేననడం లేదు, మధ్యవర్తికి చెప్పమని అసలే అనను. కానీ రక్తం పంచుకున్నవాళ్ల దగ్గర దాచడం, బయటివాళ్ల దగ్గర గుట్టుగా ఉండడం ఒకటి కాదు. ఈ వారంలోనే చెల్లికి చెప్పండి, అమ్మ కోప్పడితే పడనివ్వండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, వయసు 36. ఇక్కడ కొత్త డాక్టరు ఇచ్చిన ఫారంలో కుటుంబ చరిత్ర గడులన్నీ ఖాళీగా వదిలేశాను, ఎందుకంటే నాన్నని ఎప్పుడడిగినా "మన ఇంట్లో ఎవరికీ ఏమీ లేదురా" అంటారు. మొన్న అక్క చెప్పింది, నాన్నకి 47 ఏళ్లప్పుడు చేసింది అపెండిసైటిస్ ఆపరేషన్ కాదట, పెద్దపేగులో గడ్డ తీశారట, తర్వాత ఆరు నెలలు మందు ఎక్కించారట. అప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను, పరీక్షలు పాడవుతాయని చెప్పలేదట! మేనత్త ఒకావిడ గర్భసంచి క్యాన్సర్‌తో పోయిందని కూడా అంటోంది. కోపం వస్తోంది, ఏం చేయాలో తెలియడం లేదు.

జవాబు: కోపం న్యాయమే, కాస్త పక్కన పెట్టి ముందు కొలనోస్కోపీకి, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, టైం తీసుకోండి. అమెరికాలో మామూలు మనుషులకి పెద్దపేగు పరీక్ష 45 నుంచి మొదలుపెడతారు. అమ్మకో, నాన్నకో, తోబుట్టువుకో వచ్చి ఉంటే 40కి, లేదా వాళ్లకి జబ్బు బయటపడిన వయసు కంటే పదేళ్ల ముందు, ఏది ముందైతే అది. నాన్నగారికి 47 అంటే మీకు 37, అంటే వచ్చే ఏడాదే. ఆ గడులు ఖాళీగా ఉన్నంతకాలం ఆ డాక్టరు మిమ్మల్ని మరో తొమ్మిదేళ్లు అడిగేవారు కాదు.

మీ మేనత్త సంగతి కూడా నిజమైతే అది ఇంకో మెట్టు పైన. పెద్దపేగు, గర్భసంచి లోపొర క్యాన్సర్లు ఒకే ఇంట్లో కలిసి నడిస్తే వైద్యులకి లించ్ సిండ్రోమ్ గుర్తొస్తుంది, అంటే ఆ క్యాన్సర్ల ముప్పు జన్యు మార్పుతో వంశంలో దిగడం. దీని చరిత్రే ఒక కుట్టుపని చేసుకునే ఆవిడతో మొదలైంది. 1895లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టుకి ఆవిడ తన గోడు చెప్పుకుంది, మా ఇంట్లో అందరూ పేగు, కడుపు, గర్భసంచి జబ్బులతోనే పోయారు, నేనూ అలాగే పోతాను అని. ఆయన కొట్టిపారేయకుండా ఆ వంశవృక్షమంతా రాసుకుని 1913లో ప్రచురించాడు. ఆవిడ చెప్పినట్టే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. దశాబ్దాల తర్వాత హెన్రీ లించ్ ఆ కుటుంబాన్నే మళ్లీ పట్టుకుని పని కొనసాగించాడు, జబ్బుకి ఆయన పేరే వచ్చింది. జన్యువులంటే ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లో ఒక ఇంటి మనిషి చెప్పిన వరస చాలామంది ప్రాణాలకు దారి చూపింది.

మీ ఇంటి వరస మీ నాన్నగారి దగ్గర ఉంది. వీడియో కాల్‌లో, స్పీకర్ ఆన్ చేసి, పక్కన అమ్మ, బావగారు, పనమ్మాయి అందరూ ఉండగా అడిగితే ఆయన మళ్లీ ఆ పాత మాటే చెప్తారు. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, పొద్దున వాకింగ్ టైంలో చేయండి. "ఎందుకు దాచారు?" అని మొదలుపెట్టొద్దు. "నాన్నా, ఇక్కడ డాక్టరు అడుగుతున్నాడు, మీ బయాప్సీ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, నాకు టెస్టుకి కావాలి" అనండి. తన గురించి అడిగితే మూసుకుపోయే తండ్రులు కొడుక్కి అవసరమంటే బీరువా మొత్తం తిరగేస్తారు. కాగితం లేకపోయినా ఆపరేషన్ చేసిన ఆస్పత్రి పాథాలజీ విభాగంలో గడ్డ ముక్క ఉన్న మైనం బ్లాకు ఇంకా ఉండొచ్చు, ఏళ్ల తరబడి దాస్తారు. ఆ ముక్క మీదే లించ్‌కి సంబంధించిన తొలి పరీక్ష చేయొచ్చు. ఆ మార్పు ఉన్నట్టు తేలినవాళ్లకి కొలనోస్కోపీ సాధారణంగా 20-25 ఏళ్ల నుంచే, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేస్తారు, పేగు గోడ మీది పాలిప్‌లని, అంటే చిన్న బుడిపెల్ని, గడ్డగా మారకముందే తీసేస్తారు. అక్కకీ ఇదంతా వర్తిస్తుంది, ఆవిడకి గర్భసంచి సంగతి అదనం.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా బామ్మకీ, ఆవిడ చెల్లెలికీ అంగిట్లో పుండు లేచి క్యాన్సర్ అయింది. ఇద్దరూ అక్కచెల్లెళ్లే కాబట్టి వంశంలో ఉన్నట్టేనా? పిల్లలకి టెస్టులు చేయించాలా?

జవాబు: వాళ్లిద్దరూ అడ్డచుట్ట కాల్చేవారా? దాదాపు కచ్చితంగా అవుననే అంటారు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మీ వైపు, విశాఖ వైపు పాత తరం ఆడవాళ్లలో బాగా ఉండేది, అంగిలి క్యాన్సర్‌కి అది తెలిసిన కారణం. నిప్పు సెగ, పొగ నేరుగా అంగిటికే తగులుతాయి. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే రక్తంలో ఉందనే కాదు, ఒకే అలవాటు ఉన్నా అంతే. జన్యు పరీక్షలు అక్కర్లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. పిల్లల్లో ఎవరైనా ఖైనీ, గుట్కా వేస్తున్నారేమో చూడండి, ఆ పరీక్షకి లాబ్ అవసరం లేదు.

ప్రశ్న: అబ్బాయి బాగున్నాడు, ఉద్యోగం బాగుంది. కానీ వాళ్ల అమ్మ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయారట. అమ్మాయినివ్వాలా, మానుకోవాలా? (ఖమ్మం)

జవాబు: ఆ క్యాన్సర్ హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది, కొడుక్కి వారసత్వంగా దిగదు. వాళ్లు దాచకుండా చెప్పారు, నా ఓటు ఆ ఇంటికే. మీ ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలుంటే ఆ వైరస్‌కి టీకా ఉంది, వేయించండి.

ప్రశ్న: మేనరికాలు చేసుకుంటే క్యాన్సర్ వస్తుందా? మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే. (అనంతపురం)

జవాబు: మేనరికం క్యాన్సర్‌ని పుట్టించదు. అయితే ఆ వంశంలో బీఆర్‌సీఏ2 లాంటి మార్పు ఇప్పటికే ఉంటే, భార్యాభర్తలిద్దరిలోనూ అదే ఉండే అవకాశం మేనరికంలో పెరుగుతుంది. అప్పుడు బిడ్డకి రెండు వైపుల నుంచీ వచ్చే వీలు ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు, అలా వస్తే ఫాంకోనీ ఎనీమియా అనే తీవ్రమైన రక్తజబ్బు చిన్నతనంలోనే మొదలవుతుంది. అరుదే, కానీ మేనరికాల ఇళ్లలో ఎవరికైనా చిన్న వయసులో రొమ్ము, అండాశయం క్యాన్సర్ వస్తే పెళ్లి మాటలకు ముందే ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్లడం మంచిది.

ప్రశ్న: జీవిత బీమా ఫారంలో అమ్మ ఎలా పోయారని అడిగారు. ఏజెంటు 'వృద్ధాప్యం' అని రాసేయమంటున్నాడు. (రాజమండ్రి)

జవాబు: నిజమే రాయండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మొదటి మూడేళ్లలో కంపెనీ మీ జవాబుల్ని ప్రశ్నించొచ్చు, ఆ లోపు ఏదైనా జరిగితే క్లెయిమ్ కోసం తిరిగేది మీ పిల్లలు, ఏజెంటు కాదు.

ప్రశ్న: నాకు 46. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స పూర్తయింది, బీఆర్‌సీఏ1 పాజిటివ్ అన్నారు. అబ్బాయికి 19, అమ్మాయికి 16. అత్తగారి వైపు ఎవరికీ చెప్పలేదు, 'థైరాయిడ్' అని నెట్టుకొచ్చాం. పిల్లలకి ఎప్పుడు చెప్పాలి? మా తమ్ముడికి కూడా చెప్పాలంటోంది డాక్టరు, కానీ పొలం గొడవ తర్వాత మాకు మాటల్లేవు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. (వరంగల్)

జవాబు: మీరు పడిందేమిటో నాకు అర్థమవుతోంది, కీమో చేయించుకుంటూ థైరాయిడ్ అని నటించడం జబ్బు కంటే ఎక్కువ అలసట.

అత్తవారింటి వైపు పెద్దలకి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. వాళ్లకి వైద్యపరంగా దీంతో పనిలేదు. ఎవరైనా అడిగితే చెప్పండి, అడగకపోతే ఊరుకోండి. పిల్లల సంగతి అలా కాదు. అబ్బాయికి ఇప్పుడే చెప్పొచ్చు, అతను పెద్దవాడే, తనలో ఉంటే తన పిల్లలకీ దిగుతుంది కాబట్టి అతనిది కూడా ఈ కథ. అమ్మాయికి జబ్బు గురించి దాచకుండా చెప్పండి, ఇంట్లో జుట్టు ఊడిన తల్లిని చూసిన 16 ఏళ్ల పిల్ల థైరాయిడ్ కథ నమ్మిందని నేననుకోను. జన్యు పరీక్ష మాత్రం తొందరలేదు, 18 నిండాక, తనంతట తను కావాలన్నప్పుడు. ఆ మార్పు ఉన్నవాళ్లకి కూడా రొమ్ము ఎంఆర్ఐ మొదలుపెట్టేది 25 దగ్గరే. "నీకూ వస్తుంది" అని కాదు, "సగం అవకాశం ఉంది, ఉన్నా ముందే చూసుకునే దారులున్నాయి" అని చెప్పండి. ఒక్క రోజు కూర్చోబెట్టి మొత్తం చెప్పేయాలని లేదు, వాళ్లు అడిగినంత చెప్పి మళ్లీ అడిగే వీలు ఉంచండి.

మీకూ ఒక పని మిగిలి ఉందేమో డాక్టరుని అడగండి. బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లలో నూటికి 40 మంది దాకా జీవితకాలంలో అండాశయం క్యాన్సర్ వస్తుంది, దాన్ని ముందుగా పట్టే నమ్మకమైన పరీక్ష లేదు, అందుకే పిల్లలు చాలనుకున్నాక 35-40 మధ్యే అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తీయించుకోమంటారు. మీకు 46. రొమ్ము చికిత్స అయిపోయిందని ఊరుకోకండి.

సినిమాలు చూసేవాళ్లయితే నటి హంసానందిని తెలిసే ఉంటుంది. 2021 డిసెంబరులో తనకి రొమ్ము క్యాన్సర్ అనీ, బీఆర్‌సీఏ1 పాజిటివ్ అనీ, 18 ఏళ్ల కింద అమ్మ కూడా దీంతోనే పోయిందనీ తనే బయటికి చెప్పింది. అవకాశాలు పోతాయన్న భయం మనకంటే సినిమా వాళ్లకే ఎక్కువ ఉండాలి మరి! మీరు అలా లోకమంతటికీ చెప్పక్కర్లేదు. నలుగురైదుగురికి చెప్తే చాలు, అందులో మీ తమ్ముడు ఒకడు.

తమ్ముడికీ మీ పిల్లలకున్నంత అవకాశమే ఉంది, అంటే సగం. అతనికి లేకపోతే అతని ఆడపిల్లలకి ఈ బెడదే లేదు, ఉంటే వాళ్లిద్దరికీ చెరి సగం. ఆస్పత్రి వాళ్లంతట వాళ్లు అతనికి ఫోన్ చేసి చెప్పరు, మీ వివరాలు గోప్యం. కాబట్టి మీరు చెప్పకపోతే అతనికి తెలిసే దారి లేదు. మాట్లాడక్కర్లేదు. మీ రిపోర్టులో ఏ జన్యువులో ఏ మార్పు అన్నది ఒక లైనులో కచ్చితంగా రాసి ఉంటుంది, ఆ పేజీ జిరాక్స్ తీయించండి. బంధువులకు ఇవ్వడానికి ఒక చిన్న ఉత్తరం రాసివ్వమని మీ కౌన్సెలర్‌ని అడగండి, చాలాచోట్ల ఇస్తారు. ఆ రెండూ కవర్లో పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా మీ మరదలి చేతికి ఇప్పించండి, ఆడపిల్లల తల్లి కదా, ఆవిడ చదువుతుంది. పైన పొలం గురించి ఒక్క అక్షరం రాయొద్దు. ఒకవేళ అతను పరీక్ష చేయించుకోనంటే అది అతని ఇష్టం, మళ్లీ మళ్లీ చెప్పి పంపించే పని మీది కాదు. కానీ ఆ పిల్లలకి 18 దాటాక మేనత్తగా వాళ్లకి నేరుగా చెప్పే హక్కు మీకు ఉందనే నేననుకుంటాను, ఈ విషయంలో నాతో ఏకీభవించని డాక్టర్లున్నారు, మీ డాక్టరుని కూడా అడిగి చూడండి.